స్వచ్ఛ చల్లపల్లి

స్వచ్ఛ చల్లపల్లి (స్వచ్ఛ సుందర చల్లపల్లి అని కూడా వ్యవహరిస్తారు) ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము, కృష్ణా జిల్లాలోని చల్లపల్లి గ్రామంలో స్థానికులు స్వచ్ఛందంగా నడుపుతున్న పారిశుధ్య, పర్యావరణ ఉద్యమం. ఇది 2014 నవంబరు 12న ప్రారంభమైనది. గ్రామస్థులు కొందరు ప్రతిదినం తెల్లవారకముందే ఒకచోట చేరి, వీధులు, రహదారుల అంచులు, మురుగుకాలువల గట్లు శుభ్రం చేయడం, మొక్కలు నాటి పెంచడం ఈ ఉద్యమం యొక్క ప్రధాన కార్యక్రమము. వైద్య దంపతులైన డా. డి.ఆర్.కె. ప్రసాద్, డా. టి. పద్మావతి దీనికి ఆద్యులు.

గ్రామము

చల్లపల్లి దివిసీమకు ముఖద్వారం వంటి మండల కేంద్రము. పూర్వం దేవరకోట సంస్థానానికి రాజధానిగా ఉండేది. ఆనాటి కోట ఊరిలో ఇప్పటికీ కలదు. మచిలీపట్నం నుండి మోపిదేవి మీదుగా రేపల్లె వైపు పోయే 216వ జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే వెళ్తుంది. చుట్టుపక్కల పల్లెల ప్రజలకు అంగడికైనా, ఆసుపత్రికైనా, బస్సుకైనా ఇదే కేంద్రం. పేరుకు పంచాయతీయే అయినా వచ్చిపోయేవారి రద్దీ చిన్న పట్టణంలో ఉన్నంత ఉంటుంది. కనుక ఇక్కడ పోగయ్యే చెత్త ఊరివారు వేసేది మాత్రమే కాదు.

దీనికి తోడు డెల్టా నేల స్వభావం ఒకటున్నది. ఇక్కడిది పల్లపు భూమి, నల్లరేగడి. నీరు త్వరగా ఇంకదు, వాలు తక్కువ కావడంతో వేగంగా పారదు. మురుగుకాలువలో నాలుగు ప్లాస్టిక్ సంచులు అడ్డుపడితే నీరు నిలిచిపోయి దోమలు పెరుగుతాయి. ఎలాగో పారిన నీరు తనతో తెచ్చిన చెత్తను దిగువనున్న కాలువలకు, చివరకు సముద్రానికి చేరుస్తుంది. ఇదే డెల్టాకు ఉత్తరాన కొల్లేరు సరస్సు అనుభవమూ ఇటువంటిదే. 1999లో అభయారణ్యంగా ప్రకటించినా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చినా, ఎగువనున్న ఊళ్ళ మురుగు డ్రెయిన్ల ద్వారా దానిలోనికి చేరడం ఆగలేదు. నీటిని కాపాడే పని ఊరి వీధిలోనే మొదలు కావాలని చెప్పడానికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

ఆరంభము

ఉద్యమానికి ముందు కొంత కథ ఉన్నది. విజ్ఞానశాస్త్ర ప్రచారం కోసం 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక శాఖ చల్లపల్లిలో చురుకుగా పనిచేసేది. దాని కార్యకర్తలు మొదట చేపట్టినది చెత్త సమస్యను కాదు, బహిరంగ మలవిసర్జనను. ఊరి నుండి గంగులవారిపాలెం పోయే రోడ్డు ఇరువైపులా అప్పట్లో ముక్కు మూసుకొని నడవవలసిన స్థితిలో ఉండేది. కార్యకర్తలు వేకువనే ఆ రోడ్డు మీదికి పోయి, అక్కడికి వచ్చేవారిని నొప్పించకుండా, మరుగుదొడ్డి వాడుకోవలసిందిగా బతిమాలి చెప్పేవారు. ఒకటి రెండు రోజులు చెప్పి మానుకొని ఉంటే ఫలితం ఉండేది కాదు. నెలల తరబడి చెప్పడం వల్లనే అలవాటు మారింది. తరువాత ఆ రోడ్డు ప్రక్కన మొక్కలు నాటారు.

ఈ అనుభవం రెండు సంగతులను తెలియజేసింది. మొదటిది, ప్రజలను తిట్టడం కంటే ఎదురుగా నిలిచి ప్రతిరోజూ అడగడం మేలు. రెండవది, శుభ్రం చేసిన స్థలాన్ని ఖాళీగా వదిలితే మళ్ళీ చెత్తకుప్ప అవుతుంది, అక్కడ పూలమొక్క ఉంటే చెత్త వేయడానికి చేయి వెనుకాడుతుంది. ఆ తరువాత జరిగిన పని అంతటికీ ఈ రెండే ఆధారం.

కేంద్ర ప్రభుత్వం 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ కార్యక్రమాన్ని ప్రారంభించినది. దేశమంతటా చీపుళ్ళు పట్టి ఛాయాచిత్రాలు దిగినవారు ఆ రోజుల్లో చాలామంది. నలభై రోజుల తరువాత చల్లపల్లిలో మొదలైన పని మాత్రం ఆగలేదు.

పని విధానము

కార్యకర్తలు వేకువన నాలుగున్నర ప్రాంతంలో ముందురోజు నిర్ణయించుకున్న చోటికి చేరుకుంటారు. ఆరు గంటల వరకు పని. వేళ ఎంపికలో తెలివి ఉన్నది. అప్పటికి రోడ్ల మీద వాహనాలు తక్కువ, దుకాణాలు తెరవరు, కార్యకర్తల సొంత ఉద్యోగానికి, వ్యాపారానికి, వ్యవసాయానికి ఆటంకం కలగదు. వైద్యులు, ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు, రైతులు, వ్యాపారులు, గృహిణులు వీరిలో ఉన్నారు. చీపురు, దంతె, పార, కత్తి, గునపం వీరి పనిముట్లు. కొందరు ఊడుస్తారు, కొందరు కలుపు, ముళ్ళకంపలు నరుకుతారు, కొందరు కాలువలో దిగి ప్లాస్టిక్ సీసాలు, సంచులు ఏరుతారు. పోగైన చెత్తను వాహనంలో తరలిస్తారు.

పని ముగిసిన పిమ్మట అందరూ ఒకచోట కూడి కాఫీ త్రాగి, ఆనాటి పనిని సమీక్షించుకొని, మరునాటి స్థలాన్ని నిర్ణయించుకుంటారు. ఈ సమావేశం చిన్నదే గాని, దీనిని తక్కువగా చూడరాదు. జీతం లేని పనికి మనిషిని మరునాడు మళ్ళీ రప్పించేది తోటివారి పలకరింపే.

బస్టాండు పరిసరాలు, శ్మశానవాటిక, బందరు, బెజవాడ, అవనిగడ్డ రోడ్ల అంచులు ఈ విధంగా బాగుపడిన చోట్లలో ముఖ్యమైనవి. ఊరి లోపలి వీధులతో ఆగకుండా పొలిమేర రోడ్ల వెంట కూడా నీడచెట్లు, పూలమొక్కలు పెంచారు. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులకు, ఫ్లెక్సీలకు వ్యతిరేకంగా ప్రచారం చేశారు. కొన్ని రకాల ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువులను కేంద్రం 2022 జులై 1 నుండి నిషేధించినది.

మనకోసం మనం

మొక్క నాటడం ఒక ఉదయపు పని, దానిని బ్రతికించడం ఏడాది పొడుగునా పని. నీరు పోయాలి, కంచె వేయాలి, కలుపు తీయాలి. గంటన్నర శ్రమదానంతో ఇది సాగదు. ఇందుకోసం "మనకోసం మనం" పేరిట ట్రస్టు ఏర్పాటు చేసుకున్నారు. విరాళాలతో నడిచే ఈ ట్రస్టు వేతనంపై కార్మికులను నియమించి మొక్కల సంరక్షణ వంటి పనులు చేయిస్తుంది. విరాళాలిచ్చినవారిలో స్థానికులే గాక ఇతర ప్రాంతాల్లో, విదేశాల్లో స్థిరపడినవారూ ఉన్నారు.

ప్రశ్నలు, పరిమితులు

గ్రామ పారిశుధ్యం చట్టరీత్యా పంచాయతీ బాధ్యత. ఆ పనిని స్వచ్ఛంద కార్యకర్తలు చేస్తూ పోతే పంచాయతీ తన బాధ్యతను మరచిపోదా అన్నది ఇటువంటి ఉద్యమాలన్నిటికీ ఎదురయ్యే ప్రశ్న. ఇది తీసివేయదగినది కాదు. ఇంటింటి చెత్త సేకరణ, తడి పొడి చెత్త వేరుచేయడం, కంపోస్టు తయారీ వంటివి నిధులు, సిబ్బంది, చట్టబద్ధమైన అధికారం ఉన్న సంస్థ చేయవలసిన పనులు. ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు (2016) ఈ బాధ్యతను స్థానిక సంస్థలపైనే ఉంచాయి. సూర్యాపేట పురపాలక సంఘం 2003 ప్రాంతంలో చెత్తకుండీలు లేని పట్టణంగా పేరు పొందినది అధికార యంత్రాంగం ద్వారానే. వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లి మరొక దారి పట్టి, గ్రామ కమిటీల ద్వారా పనులు నడిపించి 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం పొందినది.

చల్లపల్లి పద్ధతి ఈ రెంటికీ భిన్నం. ఇక్కడ అధికారం లేదు, జరిమానా లేదు, ఉన్నది ఉదాహరణ మాత్రమే. ఊడ్చే పనిని కొన్ని కులాలకే కట్టబెట్టిన సమాజంలో వైద్యులు, ఉపాధ్యాయులు మురుగుకాలువలో దిగడం రోడ్ల శుభ్రతను మించిన మార్పు. అయితే కార్యకర్తలు ఊడ్చిన చోటనే మళ్ళీ చెత్త వేసేవారు ఏ ఊరిలోనైనా ఉంటారు. కార్యకర్తల్లో వయసు మళ్ళినవారు ఎక్కువయ్యే కొద్దీ యువకులను రప్పించడం ఇటువంటి సంఘాలకు మరొక సమస్య.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో స్వర్ణాంధ్ర - స్వచ్ఛాంధ్ర పేరిట ప్రతి నెల మూడవ శనివారం పారిశుధ్య కార్యక్రమం చేపట్టడం ఆరంభించినది. అప్పటికి చల్లపల్లిలో ఉద్యమం మొదలై పదేళ్ళు దాటినది.