గడిలో ఒదిగిన భిన్నం

ఎక్సెల్ గడిలో 1/2 అని కొట్టి ఎంటర్ నొక్కితే అర రాదు, ఫిబ్రవరి ఒకటో తేదీ వస్తుంది. మన దేశపు సెట్టింగుల్లో జరిగేది ఇది. అదే అమెరికా సెట్టింగుల్లో అయితే జనవరి రెండు. తేదీకీ భిన్నానికీ ఒకే ఏటవాలు గీత కావడంతో వచ్చిన చిక్కు ఇది. ముందు సున్నా కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ తర్వాత 1/2 కొడితే గడి దాన్ని భిన్నంగా అందుకుంటుంది.

ఆ గీత పుట్టడానికే శతాబ్దాలు పట్టింది. సుమారు క్రీ.పూ. 1550 నాటి రైండ్ పపైరస్‌లో ఈజిప్టు లేఖకులు 2/3ని మినహాయించి, మిగతా భిన్నాలన్నిటినీ లవం ఒకటిగా ఉండే ముక్కల మొత్తంగా రాశారు. మన బఖ్షాలీ రాతప్రతిలో లవం పైనా హారం కిందా ఉంటాయి, మధ్యన గీత లేదు. అడ్డగీత 12వ శతాబ్దంలో మొరాకో గణితజ్ఞుడు అల్-హస్సార్ రచనలో కనిపిస్తుంది. 1202లో ఫిబొనాచి రాసిన ‘లిబెర్ అబాచి’ దాన్ని ఐరోపాకు పరిచయం చేసింది. అచ్చు వచ్చాక రెండంతస్తుల భిన్నం పంక్తిలో ఇమడక కంపోజిటర్లను ఇబ్బంది పెట్టింది. ఏటవాలు గీత వాడమని 1845లో గణితజ్ఞుడు డి మోర్గన్ సూచించాడు. ఈనాటి కీబోర్డు మీద ఉన్నది ఆ గీతే.

తెలుగువాళ్ల దారి వేరు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’లో భిన్నాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. పాత లెక్కల్లో భిన్నాలు నాలుగేసి వంతులుగా చీలుతూ పోయేవి: పావు, పావులో పావు వీసం. పావులకు నిలువు గీతలు, వీసాలకు అడ్డగీతలు. 7/16 రాయాలంటే ఒక నిలువు గీత, పక్కన మూడు అడ్డగీతలు, అంటే పావు మీద మూడు వీసాలు. ఈ గుర్తులకు 2008లో యూనికోడ్ 5.1లో చోటు దక్కింది.

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తెచ్చిన విసికాల్క్‌తో లెక్కల పుస్తకం తెరమీదికి ఎక్కింది. 1985లో ఎక్సెల్ మొదట మెకింటాష్‌కు వచ్చింది. గడికి లోపలున్న విలువ వేరు, పైకి కనిపించే రూపం వేరు అన్న పద్ధతి భిన్నాలకు బాగా కలిసివచ్చింది. గడి లోపల దాచుకునేది దశాంశ విలువే, భిన్నం దానికి తొడిగే చొక్కా.

ఆ చొక్కా కొలతలు ఫార్మాట్ కోడ్‌లో ఉంటాయి. 0.34 ఉన్న గడికి # ?/? అని ఇస్తే హారానికి ఒక్క అంకె మాత్రమే దొరుకుతుంది, కాబట్టి 1/3 అని చూపిస్తుంది. # ??/?? అని మారిస్తే అసలు లెక్క, 17/50, బయటపడుతుంది. రెండుసార్లూ పైనున్న ఫార్ములా బార్‌లో 0.34 అలాగే ఉంటుంది. మొదటి # తీసేసి ??/?? ఉంచితే ఒకటిన్నర 3/2గా మారుతుంది. ప్రశ్నార్థకం చేసే మేలు ఇంకొకటుంది: అంకె లేని చోట ఖాళీ ఉంచి, నిలువు వరుసలో గీతలన్నిటినీ ఒకదాని కింద ఒకటి నిలబెడుతుంది.

హారాన్ని కట్టేయడం అన్నిటికన్నా పనికొచ్చే సదుపాయం. # ?/8 అంటే సగం 4/8గానే ఉంటుంది, 1/2గా కుదించుకుపోదు. అంగుళాన్ని ఎనిమిది వంతులుగా చదివే పనివాడికి కావలసింది అదే. న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్ షేర్ల ధరలను ఎనిమిదో వంతుల్లో చెప్పేది. 1997లో పదహారో వంతులకు, 2001 జనవరిలో పూర్తిగా దశాంశాలకు మారింది. అమెరికా ట్రెజరీ బాండ్ల ధరలు మాత్రం నేటికీ ముప్పై రెండో వంతుల్లోనే నడుస్తున్నాయి: 101-16 అంటే 101.5. ఇలాంటి ధరల్ని అటూ ఇటూ మార్చడానికి ఎక్సెల్‌లో డాలర్‌డీఈ, డాలర్‌ఎఫ్ఆర్ అనే ఫంక్షన్లున్నాయి.

మన రూపాయి కూడా 1957 ఏప్రిల్ 1 దాకా పదహారణాలే. తాతల నాటి చిట్టా పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లు # ??/16 అని ఒక్కసారి పెట్టుకుంటే చాలు. నాలుగణాలూ ఎనిమిదణాలూ కూడితే ముప్పావు అని కుదించకుండా, గుమాస్తా రాసుకున్నట్టే 12/16, అంటే పన్నెండణాలు, అని గడి చూపిస్తుంది.