డిజిటల్ ఫొటో ఫ్రేమ్ కొంటున్నారా? డబ్బులు కట్టే ముందు ఇవి చూసుకోండి

పెళ్లి ఫొటోలు, పిల్లల మొదటి పుట్టినరోజు, పండగకు కొత్త బట్టల్లో దిగిన గ్రూప్ ఫొటో.. ఇప్పుడు అన్నీ ఫోన్లలోనే ఉంటున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లకు అవి చేతికి అందడం లేదు. కొడుకు దుబాయ్‌లో, కూతురు జెద్దాలో ఉంటే, మనవళ్ల ఫొటో చూడాలన్నా దాదీ ఎవరో ఒకరిని ఫోన్ తెరిచి చూపించమని అడగాల్సిందే. అందుకే చాలామంది డిజిటల్ ఫొటో ఫ్రేమ్ వైపు చూస్తున్నారు. బల్ల మీద పెట్టుకునే చిన్న స్క్రీన్ ఇది. ఫొటోలు వాటంతట అవే మారుతుంటాయి.

అయితే బాక్స్ మీద రాసింది మాత్రమే చూసి కొంటే నాలుగు రోజుల్లో అల్మారాలోకి వెళ్లిపోతుంది. ముందు తేల్చుకోవాల్సింది రెండు విషయాలు. ఫ్రేమ్ ఎవరు చూస్తారు? అందులోకి ఫొటోలు ఎవరు పంపిస్తారు?

వైఫై ఫ్రేమా, మెమరీ కార్డ్ ఫ్రేమా?

ఊళ్లో పెద్దవాళ్ల ఇంట్లో వైఫై లేకపోతే మెమరీ కార్డ్ లేదా పెన్‌డ్రైవ్ పెట్టే మామూలు ఫ్రేమ్ చాలు. యాప్, పాస్‌వర్డ్ గొడవ ఉండదు. కొత్త ఫొటోలు కావాలంటే కార్డ్ తీసి మళ్లీ ఎక్కించాలి, అంతే.

పిల్లలు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటే వైఫై ఫ్రేమ్ మేలు. అక్కడి నుంచి యాప్‌లో ఫొటో పంపితే ఇక్కడ స్క్రీన్ మీద వచ్చేస్తుంది. ఫ్రేమియో అనే యాప్‌తో పనిచేసే ఫ్రేములను చాలా కంపెనీలు అమ్ముతున్నాయి. చాలా ఫ్రేములు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. మీ రౌటర్‌లో అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

స్క్రీన్ సంగతి

మంచం పక్కన పెట్టుకోవడానికి 8 అంగుళాలు సరిపోతుంది. హాల్లో సోఫా నుంచి కనబడాలంటే 10 అంగుళాలైనా ఉండాలి. 10 అంగుళాల ఫ్రేముల్లో ఎక్కువగా 1280×800 రిజల్యూషన్ వస్తుంది. చౌక రకాల్లో 1024×600 ఉంటుంది. మొదటిదాంట్లో 10 లక్షలకు పైగా చుక్కలు ఉంటే, రెండోదాంట్లో 6 లక్షల చిల్లర. ముఖాల దగ్గర ఆ తేడా తెలిసిపోతుంది. ఐపీఎస్ స్క్రీన్ అయితే పక్క నుంచి చూసినా రంగులు మారవు.

చాలామంది పట్టించుకోనిది స్క్రీన్ ఆకారం. ఫోన్ కెమెరా మామూలుగా 4:3 కొలతలో ఫొటో తీస్తుంది. ఫ్రేములు ఎక్కువగా 16:10 లేదా 16:9లో ఉంటాయి. దాంతో తలలు తెగుతాయి, లేదంటే పక్కన నల్ల పట్టీలు వస్తాయి. నిలువుగా తీసిన ఫొటో అయితే అడ్డంగా పెట్టిన ఫ్రేమ్‌లో సగం కూడా ఆక్రమించదు. మీ దగ్గర నిలువు ఫొటోలే ఎక్కువైతే నిలబెట్టి పెట్టుకునే ఫ్రేమ్ అడగండి.

ఫొటోలు ఎలా ఎక్కించాలి?

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపించుకోండి. ఐఫోన్‌లో తీసే హెచ్‌ఈఐసీ ఫొటోలను కొన్ని ఫ్రేములు చదవలేవు. వాటిని జేపెగ్‌లోకి మార్చుకోవాలి.

అబ్బా, అమ్మీల నిఖా నాటి పాత ప్రింట్ ఫొటోలు ఉంటే స్కాన్ చేయించండి. ఫ్రేమ్ కోసమైతే 300 డీపీఐ చాలు. ఎప్పటికీ దాచుకోవడానికైతే 600 డీపీఐ చేయించండి. ఆల్బమ్‌కు అతుక్కుపోయిన ఫొటోను బలవంతంగా లాగొద్దు, పై పొర ఊడిపోతుంది. ఆ పేజీ మొత్తాన్ని అలాగే స్కాన్ చేయమనండి.

16 జీబీ మెమరీలో ఒక్కో ఫొటో 3 ఎంబీ చొప్పున వేసుకున్నా 3 వేల ఫొటోలు పడతాయి. కానీ అన్నీ నింపొద్దు. ఫొటో 30 సెకన్లకోసారి మారితే 120 ఫొటోలు గంటలో ఒక చుట్టు తిరుగుతాయి. అదే 3 వేలు పెడితే ఒక ఫొటో మళ్లీ కనబడాలంటే 25 గంటలు ఆగాలి. ఏరి ఓ వంద పెట్టుకోండి, నెలకోసారి మార్చుకోండి.

ఖర్చు, వారంటీ

10 వాట్ల ఫ్రేమ్ రోజుకు 15 గంటలు వెలిగితే నెలకు నాలుగున్నర యూనిట్ల కరెంటు. పెద్ద భారం కాదు. అసలు చూసుకోవాల్సింది చందా. కొన్ని కంపెనీలు వీడియోలకో, ఎక్కువ స్టోరేజీకో ఏడాదికింత అని అడుగుతాయి. దుబాయ్ నుంచి తెప్పిస్తే కరెంటు వోల్టేజీతో ఇబ్బంది లేదు కానీ ప్లగ్ పిన్నులు వేరు, అక్కడి వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. ఇక్కడ కొంటే బిల్లు తప్పకుండా తీసుకోండి. షాపువాళ్లు వారంటీ ఇవ్వకుండా తిప్పిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

ఇంటి ఫొటోలు బయటికి పోకుండా

ఆడవాళ్ల ఫొటోలు వచ్చిపోయేవాళ్లందరి కంట పడటం చాలా ఇళ్లలో ఇష్టపడరు. అలాంటప్పుడు ఫ్రేమ్‌ను హాల్లో కాకుండా లోపలి గదిలో పెట్టుకోవచ్చు. నమాజు చదివే చోట వద్దనుకుంటే, ఆ వేళకు స్క్రీన్ ఆఫ్ అయ్యేలా టైమర్ ఉందేమో చూడండి. ఫొటోలు పంపే కోడ్‌ను ఇంట్లోవాళ్లకే ఇవ్వండి, గ్రూపుల్లో పెట్టొద్దు. ఫ్రేమ్‌ను రిపేరుకు ఇచ్చినా, అమ్మినా ముందు రీసెట్ చేసి కార్డ్ తీసేయండి.

ఫ్రేమ్ దాచే పెట్టె కాదు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఫ్రేమ్ చూపించడానికే, దాచడానికి కాదు. కంపెనీ సర్వర్ ఆపేస్తే ఆన్‌లైన్‌లో పెట్టిన ఫొటోలు అందకుండా పోతాయి. 2025 మార్చి 31 నుంచి గూగుల్ ఫొటోస్ నిబంధనలు మారాక కొన్ని ఫ్రేముల్లో ఆల్బమ్‌లు తమంతట తాము అప్‌డేట్ కావడం ఆగిపోయింది. కాబట్టి అసలు ఫొటోలు ఒక హార్డ్ డిస్క్‌లో, ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉండాలి. మరీ ముఖ్యమైన పది పదిహేను ఫొటోలు ప్రింట్ తీయించండి. వాటికి వైఫై, కరెంటు అక్కర్లేదు.

షాపులో ఈ నాలుగు అడగండి

1. ఇంటర్నెట్ లేకపోయినా ఫొటోలు కనిపిస్తాయా?
2. చందా కట్టకపోతే ఏమేం ఆగిపోతాయి?
3. ఫొటోలు ఫ్రేమ్‌లోనే ఉంటాయా, కంపెనీ సర్వర్‌లోనా?
4. అడాప్టర్ పాడైతే విడిగా దొరుకుతుందా?

వీటికి సూటిగా జవాబు రాకపోతే ఇంకో షాపు చూడండి. కొన్నాక మొదటి వంద ఫొటోలు మీరే ఎక్కించి, ఆన్ చేసి, పెద్దవాళ్ల ముందు పెట్టండి. సెట్టింగుల పని వాళ్లకు వదిలేయొద్దు.