రొరైమా పర్వతారోహణ

దక్షిణ అమెరికాలో వెనెజువెలా, బ్రెజిల్, గయానా సరిహద్దులు కలిసే చోట ఉన్న రొరైమా అనే బల్లపరుపు కొండపైకి గైడ్ల వెంట సాగే కాలినడక యాత్ర. ఈ ఇసుకరాతి కొండ ఎత్తు 2,810 మీటర్లు. చుట్టూ సుమారు 400 మీటర్ల నిట్టనిలువు గోడలున్నాయి. 1884 డిసెంబరులో ఎవరార్డ్ ఇమ్ థర్న్, హ్యారీ పెర్కిన్స్ తొలిసారి పైకి చేరినట్లు నమోదైంది. వారు ఎక్కిన వాలు అంచే నేటికీ ప్రధాన మార్గం.

వెనెజువెలా వైపు కనైమా జాతీయ ఉద్యానంలోని పరాయ్‌తెపుయ్ అనే పెమోన్ తెగ గ్రామం నుంచి బయలుదేరి తిరిగి రావడానికి సాధారణంగా ఆరు రోజులు పడుతుంది. గైడ్లు, సామాను మోసేవారు ఎక్కువగా పెమోన్లే. దారిలో టెక్, కుకెనాన్ నదులు దాటాలి. వానలకు ఇవి పొంగితే ఉద్ధృతి తగ్గేవరకు ఆగాల్సిందే. కొండమీద రాతి చూరుల కింద గుడారాలు వేస్తారు.

పైనున్న జీవజాలమే ఈ యాత్రకు అసలు విలువ. ఇక్కడి ఒరియోఫ్రైనెల్లా క్వెల్చీ అనే చిన్న నల్లకప్ప గెంతలేదు, తడి బండల మీద నెమ్మదిగా నడుస్తుంది. పోషకాలు కొరవడిన నేలలో హెలియాంఫోరా మొక్కలు కూజా ఆకారపు ఆకుల్లో నిలిచిన వాననీటిలో పురుగులను బంధించి బతుకుతాయి. కొండమీది స్ఫటికాలు తీసుకెళ్లడం నిషిద్ధం.