పూలు పేర్చు బడి

సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱికి పోయి ఎఱకేశ్వరాలయమును చూచినవారికి ఒక ప్రశ్న తోచక మానదు. కాకతి గణపతిదేవుని కాలమున, 1208వ సంవత్సర ప్రాంతమున, ఆ గుడిని కట్టించినది రేచర్ల బేతిరెడ్డి ఇల్లాలు ఎఱకసానమ్మ. దాత పేరు తెలిసినది, కాలమును తెలిసినది. కాని ఆ స్తంభములను చెక్కిన చేతులెవరివి? ఆ చేతులకు పని నేర్పిన పెద్దలెవరు? రాయి నిలిచినది గాని, నేర్పిన తీరు మనకు దక్కలేదు.

నిజాము పాలనలో నల్లగొండ జిల్లాలోనిదై, 2016 మొదలు సూర్యాపేట జిల్లాలో చేరిన మా హుజూర్‌నగర ప్రాంతమున దీనికి సరిగా ఎదురైన కళ యొకటి కలదు. దానికి శాసనము లేదు, శిల్పము లేదు. ప్రొద్దున పుట్టి రాత్రికి చెరువులో కలసిపోవును. అయినను నేర్పిన తీరు మాత్రము తరతరములుగా నిలిచియున్నది. అదియే బతుకమ్మ. దాని పుట్టుకనుగూర్చి పలు కథలు చెప్పుదురు. వాని జోలికి నేను పోను. ఆ పండుగ పెద్దవారికి చేతిపని నేర్పు బడి యెట్లయినదో, ఆ బడి కిప్పుడు వచ్చిన చిక్కేమో, అంతమాత్రమే మనవి చేసెదను.

చిత్రమైనను శిల్పమైనను పసితనమున నేర్వవలసినదే యనియు, వయసు ముదిరినవారు చూచి సంతోషింపవలసినదే యనియు మనలో ఒక తలపు నాటుకొన్నది. బతుకమ్మ ఈ మాట నొప్పుకొనదు. కొత్తకోడలు అత్తవారింటి పేర్పును అత్తయొద్ద నేర్చుకొనును. పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డ తాను మరియొక ఊర చూచిన వరుసను ఇచట కలుపును. మగవారు తెల్లవారకమునుపే చేలగట్లకు పోయి తంగేడును గునుగును మోసికొని వత్తురు. భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూలతో మొదలిడి, ఆశ్వయుజ శుద్ధాష్టమినాటి సద్దులతో ముగియు ఈ తొమ్మిది దినములలో మొదట చిన్న బతుకమ్మ, కడపట పెద్ద బతుకమ్మ. ఆరవనాడు అమ్మ అలిగినదని పేర్పు మానుదురు. చేయి కొంచెము కొంచెముగా తిరుగుటకు ఈ క్రమమే చాలును.

చూచుటకు ఇది సులువుగనే యుండును. నలువదేండ్లు దాటిన పిమ్మట నేనొకసారి కూర్చుండి పేర్చితిని. తాంబాళములో గుమ్మడి యాకులు పరచితిని. గునుగు కాడలను సమముగా కోసి, కట్టలు కట్టి, తలలకు రంగులద్దితిని. తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, బంతి ఒక వరుస. నాలుగవ వరుస పెట్టునంతలో అంతయు ఒక ప్రక్కకు ఒరిగి కూలినది. మా పెద్దమ్మ నవ్వి, “సుట్టు ముద్దుగ పెడితె సాలదు కొడుకా, నడుమ నింపాలె” అన్నది. కోసి పారవేసిన కాడలను, ఆకుతుంపులను నా చేతనే ఏరించి, నడుమ కూరి అదిమించినది. బయటికి కానరాని ఆ చెత్తయే పైనున్న అందమును మోయుచున్నదని నాకు ఆనాడు తెలిసినది. ఇరువదేండ్లు చూచినను తెలియనిది ఒక్క కూలుటతో తెలిసినది.

చేతితో చేసిననేగాని చదువు పూర్తి కాదను తలపుతోనే 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. అచట ప్రమోదకుమార చటోపాధ్యాయుడు చిత్రలేఖనము నేర్పెను. అడివి బాపిరాజు పట్టభద్రుడై, పెద్దవాడైన పిమ్మటనే ఆయనయొద్ద అభ్యసించెను. ఆ మహనీయులు ప్రయాసపడి కట్టిన బడిని మా పల్లెల స్త్రీలు పైకము లేక, పలక లేక, ఏటేట వాకిట నడపుచుండిరి.

ఇక చిక్కు సంగతి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ నీరు మా నేలను తడిపినది, జొన్నచేలు వరిమళ్లయినవి. అన్నము దొరకినది, దానికి మేము ఋణపడియున్నాము. కాని గునుగు మెట్టచేలలో తనంత మొలచు కలుపుమొక్క. మెట్ట తగ్గినకొలది అదియు తగ్గినది. మిగిలిన మెట్టలోను కలుపుమందులు దానిని బ్రతుకనీయవు. పూవు సంతసరుకైనది. పిమ్మట పట్టణములలో పేర్చిన బతుకమ్మయే అమ్మకమునకు వచ్చినది. కాగితపు పూలవియు, ప్లాస్టికు పూలవియు వచ్చినవి.

2014లో తెలంగాణము ఏర్పడినప్పుడు బతుకమ్మ రాష్ట్రపు పండుగయైనది. అది మాకు గర్వకారణమే. అయితే దీపములు పెరిగి, వేదికలు పెరిగి, పేర్చు చేతులు తగ్గినచో ఆ గౌరవము ఎవరికి? పండుగ నడచుచుండగనే బడి మూతపడవచ్చును. నా భయ మిదియే.

దీనికి మందు గొప్పది కాదు. పండుగ జరుగు మైదానమున ఒక మూల చాప పరచి, తెలిసిన ముసలమ్మలను కూర్చుండబెట్టి, గంపెడు పూలు ముందుంచి, వచ్చిన పెద్దవారిని, మగవారిని సైతము, చేయి పెట్టనిచ్చిన చాలును. సముద్రములు దాటిపోయిన మనవారు తంగేడు దొరకని చోట్ల దొరకిన పూలతోనే పేర్చుచున్నారు. పూవు మారినను పని మారలేదు. ఊరనున్న మనము, గట్టుమీద నాలుగు గునుగు మొక్కలను కలుపని పెరికివేయక విడిచిపెట్టలేమా?

పిల్లలమఱ్ఱి శిల్పుల చేతులు మనకు తిరిగి దొరకవు. మా పెద్దమ్మ చేతులు నేడు లేవు. కాని నడుమ నింపు తీరు నా చేతులలో నున్నది. రానున్న సద్దులనాటికి అది ఇంకొకరి చేతిలో పెట్టవలెను.