పుట్ట లేని చోట పుట్టగొడుగు

ఈ వారం కబుర్లు పుట్టగొడుగుల గురించి. వండుకునే వాటి గురించి కాదండీ, రాసిపెట్టుకునే వాటి గురించి.

ముందు మన మాటతోనే మొదలుపెడదాం. మష్రూమ్ అన్న మాటలో అది ఎక్కడ మొలుస్తుందో లేదు. మన మాటలో ఉంది. పుట్ట మీద లేచిన గొడుగు. చెదలు పుట్ట లోపల, తాము మోసుకొచ్చిన ఆకుల, పుల్లల పొడి మీద ఒక రకం బూజుని పెంచుకుని తింటాయి. వానలు పడ్డాక ఆ బూజే పుట్టను చీల్చుకుని గొడుగై బయటికొస్తుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజే హైమ్ ఈ జాతికి టెర్మిటోమైసిస్, అంటే చెదబూజు, అని పేరు పెట్టింది 1942లో. మన పల్లెల్లో వాళ్ళు పుట్టనీ గొడుగునీ కలిపి మాట కట్టేసింది అంతకు ఎంతో ముందు. నా లెక్కలో అది మన భాషలో ఉన్న తొలి సర్వే రికార్డు.

ఈ చెదబూజు ఆసియా, ఆఫ్రికాల సొత్తు. అమెరికా ఖండాల్లో సహజంగా మొలవదు. కాబట్టి మన జెర్సీ సిటీ లింకన్ పార్కులో వాన వెలిశాక గడ్డిలో తెల్లగా కనిపించేది ఏదైనా కావచ్చు గానీ, ఊళ్ళో అమ్మమ్మ ఏరి తెచ్చి కూర వండిన పుట్టగొడుగు మాత్రం కాదు. మరి ఏమిటది? ఆ జవాబు దొరకాలంటే ఇక్కడ ఏమేం మొలుస్తాయో ఎవరో ఒకరు ముందే రాసిపెట్టి ఉండాలి కదా.

న్యూజెర్సీ ఈ విషయంలో అదృష్టవంతురాలు. దక్షిణాన వైన్‌ల్యాండ్ దగ్గర న్యూఫీల్డ్ అని చిన్న ఊరుంది. అంతర్యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి వచ్చిన జాబ్ బిక్‌నెల్ ఎల్లిస్ 1865లో అక్కడ కాపురం పెట్టాడు. బడిపంతులుగా బతికిన మనిషి. చుట్టుపక్కల అడవుల్లో ఎండుకొమ్మల మీద, రాలిన ఆకుల మీద ఉన్న బూజుల్ని, శిలీంధ్రాల్ని ఏరడం మొదలుపెట్టాడు. ప్రతిదాన్నీ ఎండబెట్టి కాగితపు పొట్లంలో పెట్టి, ఎక్కడ, ఏ చెట్టు మీద, ఏ తేదీన దొరికిందో రాసేవాడు. 1878 నుంచి నార్త్ అమెరికన్ ఫంగై పేరుతో వందేసి నమూనాలని ఒక సంపుటిగా చేర్చి చందాదారులకి పంపాడు. చదువుకునే పుస్తకం కాదది, ఎండిన శిలీంధ్రాలే అతికించిన పుస్తకం! ఆ నమూనాలని అతికించి, సంపుటాలుగా కూర్చిన చేతులు ఎక్కువగా ఆయన భార్య ఆర్విల్లావి. అట్టల మీద ఆవిడ పేరు వెతకాల్సిందే. మన ఇళ్ళల్లో ఊరగాయ ఎవరు పెడతారో, పొగడ్త ఎవరికి వెళుతుందో మీకు తెలుసు.

ఎల్లిస్ సేకరణ, దాదాపు 80,000 నమూనాలు, 1890లలో బ్రాంక్స్‌లోని న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌కి చేరింది. ఆయన 1905లో పోయాడు. పొట్లాలు ఇప్పటికీ ఉన్నాయి.

పొట్లం ఎందుకు, జాబితా చాలదా అంటారా? చాలదు. చార్లెస్ పెక్ అని న్యూయార్క్ రాష్ట్రానికి దాదాపు అర్ధశతాబ్దం వృక్షశాస్త్రజ్ఞుడిగా ఉన్న మహానుభావుడు, ఇక్కడి అడవుల్లో మొలిచే ఒక గోధుమరంగు గొడుగుని యూరప్‌లో మనుషుల్ని చంపే డెత్ క్యాప్ అనుకుని ఆ పేరుతోనే రాశాడు. 1918లో కార్నెల్‌కి చెందిన జార్జ్ అట్‌కిన్సన్ అది వేరే జాతి అని తేల్చి అమనీటా బ్రన్నెసెన్స్ అని పేరు పెట్టాడు. అసలు డెత్ క్యాప్ యూరప్ నుంచి ఇక్కడికి వలస వచ్చిందని పరిశోధకులు తేల్చగలిగింది పాత నమూనాలు మళ్ళీ తీసి చూసి, జన్యువులు పోల్చాకే. జాబితాలో పేరు మాత్రమే మిగిలుంటే, అది ఇక్కడ ఎప్పటినుంచో ఉందనే నమ్ముతూ ఉండేవాళ్ళం. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది కొత్త కాదు: మూలం పోయిన డేటాని ఎంత నీటుగా సర్దినా సరిదిద్దలేం.

రికార్డు విలువ డబ్బు రూపంలో తెలిసింది చెస్ట్‌నట్ చెట్ల విషయంలో. 1904లో బ్రాంక్స్ జూలో హెర్మన్ మెర్కెల్ అనే అటవీ ఉద్యోగి చెస్ట్‌నట్ చెట్లు ఎండిపోవడం గమనించాడు. పక్కనే ఉన్న బొటానికల్ గార్డెన్ నుంచి విలియం మరిల్ వచ్చి చూసి, 1906లో కారణమైన శిలీంధ్రానికి పేరు పెట్టాడు. అక్కడి నుంచి గొడవ. ఇది బయటి నుంచి వచ్చిందా, ఎప్పటినుంచో ఇక్కడే ఉన్నదా? కనెక్టికట్ శాస్త్రజ్ఞుడు జార్జ్ క్లింటన్, ఇది ఇక్కడిదే, కరువుకీ చలికీ చెట్లు నీరసపడి లొంగాయి అన్నాడు. ఆయన మాట నిజమైతే జబ్బు చెట్లు నరకడం దండగ. పెన్సిల్వేనియా 1911లో ప్రత్యేక కమిషన్ పెట్టి 2,75,000 డాలర్లు కేటాయించింది. ఆ వాదన నడుస్తుండగా అందరూ పరిగెత్తింది పాత పొట్లాల దగ్గరికే. దగ్గరి చుట్టాలు కనిపించాయి గానీ, ఈ హంతకుడు కాదు. 1913లో ఫ్రాంక్ మేయర్ చైనాలో అదే శిలీంధ్రాన్ని పట్టుకుని నమూనా పంపడంతో వాదన ముగిసింది. చెట్లు మాత్రం దక్కలేదు, మూడు నాలుగు వందల కోట్లు పోయాయని అంచనా. 1912లో వచ్చిన మొక్కల క్వారంటైన్ చట్టం వెనక ఇలాంటి దెబ్బలే ఉన్నాయి. న్యూఆర్క్ ఎయిర్‌పోర్టులో మన కరివేపాకు లాక్కునే నిబంధనల వంశవృక్షంలో ఆ చట్టం పెద్దతాత.

అవే ఏళ్ళలో మన గోదావరి డెల్టాలో తాటిచెట్లకి మొవ్వుకుళ్ళు తెగులు పట్టింది. ఎడ్విన్ బట్లర్ 1907లో దానికి కారణాన్ని గుర్తించి పేరు పెట్టాడు. ఊరూరా చెట్లెక్కి జబ్బు మొవ్వులు నరికి కాల్చారు. ఆ కార్యక్రమం చరిత్రని మెక్‌రే 1923లో ప్రచురించాడు. అప్పుడు శిలీంధ్రమనే అనుకున్నారు. ఇప్పటి వర్గీకరణలో అది శిలీంధ్రమే కాదు, గోధుమరంగు సముద్రపు నాచుకి దగ్గర బంధువు. పేరు మారినా రాసిన ఊళ్ళూ తేదీలూ చెల్లుతూనే ఉన్నాయి.

అయితే రికార్డుల్ని మరీ గుడ్డిగా నమ్మకూడదు. అవి శిలీంధ్రాలు ఎక్కడున్నాయో చెప్పినంతగా, వెతికే మనుషులు ఎక్కడ తిరిగారో కూడా చెబుతాయి. కారు ఆపగలిగే చోటు, శనాదివారాలు, సెప్టెంబరు, అక్టోబరు. మన అపార్టుమెంటు వెనక ఓక్ చెట్టు కింద మొలిచిందాన్ని ఎవరూ రాయలేదంటే అది లేదని కాదు. 1971లో మొదలైన న్యూజెర్సీ మైకలాజికల్ అసోసియేషన్ వాళ్ళు అడవి నడకలు పెడతారు, పిల్లల్ని తీసుకెళ్ళండి. చూసినప్పుడు పైనా కిందా ఫోటో తీయండి, కాడ మొదలు మట్టితో సహా తవ్వి చూడండి, దగ్గరి చెట్టు పేరు రాయండి. అమనీటాలకి మొదట్లో ఒక తిత్తి ఉంటుంది. పైనుంచి తుంచితే అది నేలలోనే ఉండిపోతుంది.

ఇదంతా ఎందుకంటే, వేసవిలో అమ్మానాన్నలు వస్తారు, పార్కులో నడుస్తారు, తెల్లటి లేత గొడుగులు కనపడతాయి. ఇక్కడి డెస్ట్రాయింగ్ ఏంజెల్ అచ్చం అలాగే ఉంటుంది. ఉడికించినా విషం పోదు. ఆరు గంటలు దాటేదాకా చాలాసార్లు ఏమీ తెలియదు, తర్వాత వాంతులు, విరేచనాలు, మధ్యలో తగ్గినట్టనిపించి ఆపైన కాలేయం పాడవుతుంది. ఆసియా నుంచి వచ్చినవాళ్ళు డెత్ క్యాప్‌ని వరిగడ్డి పుట్టగొడుగు అనుకుని తిని ప్రాణం మీదికి తెచ్చుకున్న కేసులు ఈ దేశపు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఎవరైనా తిన్నారని తెలిస్తే వాంతుల కోసం ఆగకండి. వెంటనే 1-800-222-1222 కి ఫోన్ చేయండి, ఏ రాష్ట్రంలో ఉన్నా పాయిజన్ కంట్రోల్ వాళ్ళే పలుకుతారు. తరిగిన తొక్కూ, మిగిలిన ముక్కా పారేయకుండా కాగితపు సంచిలో పెట్టి, ఎక్కడ, ఏ చెట్టు కింద దొరికిందో దాని మీద రాసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ సంచిలో వద్దు, కుళ్ళిపోతుంది.