ఎరుక

ఎరుక అంటే తెలివిడి. ఎరుక చెప్పే వృత్తి వలననే ఎరుకలవారికి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెప్పుదురు. బాపట్ల చేరువనున్న స్టూవర్టుపురం తలపునకు వచ్చినప్పుడెల్లా ఈ మాట నన్ను వెంటాడుతుంది.

1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఇక్కడ ఉంచి, నిర్వహణను మద్రాసు ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. ఊరికి పెట్టినది హెరాల్డ్ స్టూవర్టు అనే ప్రభుత్వోన్నతాధికారి పేరు. సువార్త చెప్పేవారే హాజరు పిలవడం, ఊరు దాటాలంటే వారే అనుమతి ఇవ్వడం!

ఆ సంస్థను భారతదేశానికి తెచ్చిన బూత్-టక్కర్ ఐ.సి.ఎస్. కొలువు తానే విడిచి, 1882లో బొంబాయిలో దిగి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అయినాడు. అతనిని ఎవరూ ఆజ్ఞాపించలేదు. దేవుని స్వయముగా ఎరిగినవాని నడత అది. అటువంటి ఎరుకను చట్టముతో మరొకరికి కలిగింపగలమా? బడిలో ఏళ్ల తరబడి హాజరు పిలిచినవాడను. పలికిన పిల్లవాని మనసు ఎక్కడున్నదో పట్టీలో కనిపించదు.

అట్లని వారి సేవను తీసివేయను. బడి పెట్టారు, పని చూపారు. కానీ మొక్కినవాడు భయముతో మొక్కినాడో, భక్తితో మొక్కినాడో తెలుసుకొనే వీలు ఆ ఏర్పాటులోనే లేదు.

1952లో చట్టం రద్దయింది. అటుపై ప్రార్థనకు వచ్చినవారు హాజరు కోసం రాలేదు.