స్కూబా డైవింగ్ పరికరాల ఎంపిక

స్కూబా డైవింగ్ అనగా శ్వాసకు కావలసిన గాలిని సిలిండరులో నింపి, వీపున మోసుకొని నీటి అడుగున ఈదుట. 1943లో ఫ్రాన్సుకు చెందిన జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ రూపొందించిన రెగ్యులేటరు ఈ విద్య వ్యాప్తికి మూలమైంది. పిల్లలకు దీనిని నేర్పించదలచిన తల్లిదండ్రులకు పరికరాల ఖర్చు ఒక సమస్య. అయితే అన్నీ ఒకేసారి కొనవలసిన అవసరం లేదు. ముఖానికి, పాదాలకు సరిగా అమరవలసినవి మాత్రమే కొని, మిగిలినవి శిక్షణ కేంద్రం నుండి అద్దెకు తీసుకొనుట మేలు.

వయస్సు, శిక్షణ

పి.ఎ.డి.ఐ. అనే అంతర్జాతీయ శిక్షణ సంస్థ నియమాల ప్రకారం 10 సంవత్సరాలు నిండినవారు జూనియర్ ఓపెన్ వాటర్ శిక్షణలో చేరవచ్చు. ఈ అర్హతతో 10, 11 ఏళ్లవారు 12 మీటర్లకు, 12 నుండి 14 ఏళ్లవారు 18 మీటర్లకు మించి లోతుకు వెళ్లరాదు.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు పీడనం సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 10 మీటర్ల లోతున పీల్చిన గాలి ఉపరితలానికి చేరేసరికి ఇంచుమించు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చిట్లి ప్రాణాపాయం కలుగవచ్చు. ఖరీదైన పరికరమేదీ ఈ పాఠానికి ప్రత్యామ్నాయం కాదు. కనుక శిక్షణ తరువాతనే పెద్ద కొనుగోళ్ల గురించి ఆలోచించాలి.

మొదట కొనదగినవి

* మాస్కు: ఇది ముక్కును కూడా కప్పాలి. ముక్కు ద్వారా గాలి వదిలి లోపలి పీడనాన్ని సరిచేయవలసి ఉంటుంది గనుక సాధారణ ఈత కళ్లద్దాలు పనికిరావు. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చినప్పుడు మాస్కు అంటుకొని నిలిస్తే సరిపోయినట్లే. టెంపర్డ్ గాజు, సిలికోన్ అంచు ఉన్నది ఎంచుకోవాలి. ధరకన్నా అమరిక ముఖ్యం.
* స్నార్కెల్: నీటిపై తేలుతూ గాలి పీల్చే గొట్టం. సాదా రకం చాలును.
* ఫిన్లు: పాదాలకు తొడిగే రెక్కలు. మరీ గట్టివైతే పిల్లల పిక్కలు పట్టేస్తాయి. పెరిగే వయస్సు గనుక మడమ వద్ద పట్టీ సర్దుకొనే రకం ఎక్కువ కాలం ఉపయోగపడుతుంది. దీనికి బూట్లు విడిగా కావాలి.

అద్దెకు తీసుకోదగినవి

రెగ్యులేటరు, సిలిండరు, నీటిలో తేలుటను నియంత్రించే బి.సి.డి. జాకెట్టు ఖరీదైనవి. రెగ్యులేటరుకు నిర్ణీత కాలంలో సర్వీసింగు, సిలిండరుకు పీడన పరీక్ష అవసరం. ఎదిగే పిల్లలకు జాకెట్టు, వెట్ సూటు త్వరగా బిగుతవుతాయి. వదులైన జాకెట్టు నీటిలో పైకి జరిగి ఇబ్బంది కలిగిస్తుంది. కాబట్టి పిల్లల కొలతలవి ఉన్నవో లేవో ముందే విచారించాలి. అండమాన్ దీవులు, పుదుచ్చేరి, విశాఖపట్నం వంటి చోట్ల డైవింగ్ కేంద్రాలు ఉన్నాయి.

పాత పరికరాలు

వాడిన ఫిన్లు, బూట్లు పరిశీలించి కొనవచ్చు. రెగ్యులేటరును మాత్రం నిపుణుడు విప్పి సరిచూడకుండా వాడరాదు. 1990కి ముందు తయారైన కొన్ని అల్యూమినియం సిలిండర్లకు వాడిన 6351 మిశ్రలోహంలో మెడ వద్ద పగుళ్లు ఏర్పడే స్వభావం ఉంది. ఎంత చవకగా లభించినా అటువంటివాటిని కొనరాదు.

సంరక్షణ

వాడిన ప్రతిసారి పరికరాలను మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఉప్పు, ఎండ తగిలితే రబ్బరు భాగాలు త్వరగా పాడవుతాయి.